ఓడ కాగితంలో ఖాళీ గడి: ఒప్పంద కూలీలుగా వెళ్లిన ఆడవాళ్ల చరిత్ర

2025 జులైలో ట్రినిడాడ్ వెళ్లిన భారత ప్రధాని, అక్కడి భారత సంతతిలో ఆరో తరం వాళ్లకు కూడా ఓసీఐ కార్డులు, అంటే విదేశాల్లోని భారత సంతతికి మన సర్కారు ఇచ్చే గుర్తింపు కార్డులు, ఇస్తామని ప్రకటించారు. అంతకుముందు ఏడాది మార్చిలో మారిషస్ వెళ్లిన రాష్ట్రపతి అక్కడి వాళ్లకు ఏడో తరం దాకా ఆ అవకాశం ఉంటుందని చెప్పారు. కార్డు రావాలంటే ఫలానా పూర్వీకులు ఇండియా నుంచే వచ్చారని చూపించే కాగితం కావాలి. దాంతో ఒప్పంద కూలీలను తీసుకెళ్లిన పాత ఓడల జాబితాలకు, వాళ్ల వలస పాసులకు మళ్లీ గిరాకీ వచ్చింది.

ముత్తాత కోసం వెతుకుతుంటే ఒక్కోసారి ముత్తవ్వ దొరుకుతుంది. కలకత్తా రేవులో రాసిన పాసు మీద ఆవిడ పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఠాణా, ఊరు, ఎత్తు, ఒంటి మీద గుర్తులు అన్నీ ఉంటాయి. ‘పెళ్లయితే ఎవరితో’ అనే గడి మాత్రం ఖాళీగా ఉంటుంది.

ఆ ఖాళీని నూరేళ్లకు పైగా మూడు రకాలుగా పూరిస్తూ వస్తున్నారు. మోసపోయి వచ్చిందని కొందరు, లేచిపోయి వచ్చిందని కొందరు, తెగించి వచ్చిందని ఇంకొందరు. ప్రతి మాటకూ ఎంతో కొంత ఆధారం ఉంది. ప్రతి మాట వెనకా, అలా చెప్పడం వల్ల ఒరిగేది ఉన్న మనుషులూ ఉన్నారు. అసలు ఆ ఓడలేమిటి, అక్కడి పని ఏమిటి, కూలి ఎంత అన్నవి తేల్చుకుంటే తప్ప ఈ మూడింటినీ తూచలేం.

గిర్మిట్ అంటే ఏమిటి, ఏది కాదు

బ్రిటిష్ వలసల్లో బానిసత్వం రద్దు చేస్తూ 1833లో చట్టం వచ్చింది, 1834 ఆగస్టు 1న అమల్లోకి వచ్చింది. మాజీ బానిసలు మరికొన్నాళ్లు పాత యజమానుల దగ్గరే శిక్షణ పేరుతో పని చేయాలన్న మెలిక 1838 దాకా సాగింది. ఆ తరువాత చాలామంది చెరకు తోటల వైపు తిరిగి చూడలేదు. చెరకేమో కోతకు వచ్చాక ఆగే పంట కాదు. తోటల యజమానుల చూపు ఇండియా మీద పడింది.

1834 నవంబరులో 36 మంది కూలీలతో అట్లాస్ అనే ఓడ మారిషస్ చేరింది. 1838లో విట్బీ, హెస్పరస్ అనే ఓడలు బ్రిటిష్ గయానా వెళ్లాయి. ఆ తరువాత ట్రినిడాడ్‌కు 1845లో, దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కు 1860లో, డచ్చి వాళ్ల సురినామ్‌కు 1873లో, ఫిజీకి 1879లో మొదలయ్యాయి. మొత్తం మీద పది లక్షల మందికి పైగా వెళ్లారు. ఒక్క మారిషస్‌కే నాలుగున్నర లక్షలు, గయానాకు సుమారు 2,39,000, ట్రినిడాడ్‌కు సుమారు 1,44,000, నాటాల్‌కు 1,52,184, ఫిజీకి 60,965.

కూలీ ఒక ఒప్పందం మీద వేలిముద్ర వేస్తాడు, లేదా వేస్తుంది. ఇంగ్లీషులో అగ్రిమెంట్ అనే ఆ మాట భోజ్‌పురి నోట్లో పడి గిర్మిట్ అయింది, దానికింద వెళ్లినవాళ్లు గిర్మిటియాలయ్యారు. సాధారణంగా అయిదేళ్ల పని, రోజు లెక్కనో నెల లెక్కనో కూలి, ఉండటానికి గది, వైద్యం. పదేళ్లు ఉంటే చాలాచోట్ల తిరుగు ప్రయాణం ఖర్చు సర్కారుది.

ఇది బానిసత్వమా? మనిషిని జీవితాంతానికి కొనుక్కోవడం లేదు, పుట్టిన బిడ్డ యజమాని ఆస్తి కాదు, కూలి ఉంది, గడువు ఉంది. పోనీ మామూలు కూలిపనా? అదీ కాదు. మన ఊళ్లో కూలికి పోవడం మానేస్తే ఆ రోజు డబ్బులు రావు, అంతే. గిర్మిట్‌లో పనికి రాకపోవడం, తోట దాటి పోవడం నేరాలు. మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు, జరిమానా వేస్తారు, జైలుకు పంపుతారు. నచ్చని యజమానిని వదిలి పక్క తోటకు పోయే హక్కు లేదు. మాట ఇచ్చి తప్పితే క్రిమినల్ శిక్ష పడటమే ఈ వ్యవస్థకు ఆయువుపట్టు. వలసల మంత్రి లార్డ్ జాన్ రసెల్ 1840లోనే ఇది ‘కొత్త రకం బానిసత్వం’ కాగలదని భయపడ్డాడు. 1970ల్లో చరిత్రకారుడు హ్యూ టింకర్ ఆ మాటనే పైకి తీసి పరిశోధనకు పేరుగా పెట్టాడు. తిరిగొచ్చి మళ్లీ ఓడెక్కినవాళ్లూ, డబ్బు కూడబెట్టినవాళ్లూ ఉన్నారు కదా అని ఆ పోలికను ఒప్పుకోని చరిత్రకారులూ ఉన్నారు.

మన వైపు వాళ్లు దీన్ని ఇంకో వలసతో కలిపేస్తుంటారు. కాకినాడ, కోరంగి, విశాఖపట్నం రేవుల నుంచి బర్మా వెళ్లిన తెలుగువాళ్లు గిర్మిట్ కింద పోలేదు. మేస్త్రీ ఇచ్చిన బయానా అప్పు మీద పోయారు. వాళ్లలో ఆడవాళ్లు బాగా తక్కువ, ఎందుకంటే ఆడవాళ్లు ఇంతమంది ఉండాలని సర్కారు లెక్క అడిగే ఓడలు కావు అవి. తెలుగువాళ్లు గిర్మిట్ కూలీలుగా ఎక్కువగా వెళ్లింది మారిషస్, నాటాల్, 1903 తరువాత ఫిజీ. నాటాల్ వెళ్లినవాళ్లలో మూడింట రెండు వంతుల మంది మద్రాసు రేవు నుంచి ఎక్కినవాళ్లే. గంజాం, విశాఖపట్నం, గోదావరి, నెల్లూరు, చిత్తూరు పల్లెల నుంచి ఆ రేవుకు నడిచినవాళ్లు వాళ్లలో ఉన్నారు.

నూటికి నలభై: ఆడవాళ్లకో కోటా

మొదట్లో తోటల యజమానులకు ఆడవాళ్లు అక్కర్లేదు. కడుపుతో ఉన్న రోజులు, బాలింత రోజులు పని దండగ అన్నది వాళ్ల లెక్క. తొలి ఓడల్లో ఆడవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. కూలీల చావులు, దెబ్బల గురించి లండన్‌లో, కలకత్తాలో గొడవ రేగి 1839లో వలసను ఆపేశారు. కొన్నేళ్లకు మళ్లీ తెరిచినప్పుడు వలసల కార్యాలయం ఒక షరతు పట్టుకొచ్చింది: మగవాళ్ల సంఖ్యను బట్టి ఆడవాళ్లనూ తీసుకెళ్లాలి. ఎంతమంది అన్నది చాలాసార్లు మారింది. 1860ల చివరికల్లా 100 మంది మగవాళ్లకు 40 మంది ఆడవాళ్లు అనే లెక్క దగ్గర స్థిరపడింది.

ఆ లెక్క తోటలో ఎలా దిగుతుందో చూద్దాం. 500 మంది పెద్దవాళ్లు పట్టే ఓడ అనుకోండి. 100కి 40 అంటే 357 మంది మగవాళ్లు, 143 మంది ఆడవాళ్లు. వలసల పరిస్థితి చూసి రమ్మని ఇండియా సర్కారు పంపిన మెక్‌నీల్, చిమ్మన్‌లాల్‌ల నివేదిక, వచ్చిన ఆడవాళ్లలో మూడోవంతు మందే భర్తలతో వచ్చారని చెప్పింది. అంటే మన ఓడలో 48 జంటలు. వాళ్లను పక్కన పెడితే మిగిలేది 309 మంది మగవాళ్లు, 95 మంది ఆడవాళ్లు. ఒక్కో ఒంటరి ఆడమనిషికి ముగ్గురు మగవాళ్లకు పైనే. తోటలో ఆ తరువాత జరిగిన చాలా సంగతులకు ఈ అంకెలో మూలం ఉంది.

కోటా నిండకపోతే ఓడ కదలదు. మగకూలీలు ఎక్కువ మందే దొరుకుతున్నారు, ఆడవాళ్లు దొరకడం లేదు. అప్పుడేమవుతుంది? ధర పెరుగుతుంది. అర్కాటీ అని పిలిచే దళారికి ఆడమనిషిని తెస్తే మగవాడికిచ్చే దానికన్నా ఎక్కువ కమీషన్. ఆడవాళ్ల మేలు కోసమని పెట్టిన నియమం దళారికి బేరమైంది. సంతల్లో, తీర్థాల్లో, ధర్మసత్రాల అరుగుల మీద ఒంటరిగా కనిపించే ఆడమనిషి మీద కన్ను వేయడానికి అదో కారణమైంది.

ఎక్కినవాళ్లెవరు

ఈ ప్రశ్నకు సర్కారు దగ్గర 1883లోనే ఒక జవాబు ఉంది. భారతీయ భాషల సర్వేతో తరువాత పేరు పొందిన జార్జ్ గ్రియర్సన్ అప్పుడు బిహార్‌లో ఉద్యోగి. బెంగాల్ పరిధిలో వలస మీద నివేదిక రాస్తూ ఆడవాళ్లను నాలుగు రకాలు చేశాడు: తిరిగొచ్చి మళ్లీ వెళ్తున్నవాళ్ల భార్యలు, దిక్కులేని వితంతువులు, మొగుణ్ని వదిలి వచ్చినవాళ్లు లేదా ఇంట్లోంచి గెంటేయబడ్డవాళ్లు, వేశ్యలు. ముప్పై ఏళ్ల తరువాత మెక్‌నీల్, చిమ్మన్‌లాల్ కూడా దాదాపు ఇదే మాట చెప్పి, వేశ్యలు కొద్దిమందే అన్నారు.

ఈ పట్టికను ఒకసారి పరకాయించి చూడండి. నాలుగు రకాలూ మగవాడి నుంచి కొలిచినవే: భర్త ఉన్నాడా, పోయాడా, వదిలేశాడా, బోలెడుమందా. పొలం పని వచ్చా, నేత వచ్చా, ఎన్నేళ్లు కూలి చేసింది, ఊళ్లో కరువొచ్చిందా అన్న ప్రశ్నలకు ఇందులో చోటు లేదు.

ఫిజీ పాసులను ఒక్కొక్కటిగా లెక్కపెట్టిన పని బ్రిజ్ లాల్‌ది. ఆయన ఫిజీలో పుట్టిన చరిత్రకారుడు, గిర్మిటియా మనవడు. కలకత్తా నుంచి ఫిజీ వెళ్లిన పెద్ద వయసు ఆడవాళ్లలో దాదాపు మూడింట రెండు వంతుల మంది భర్త తోడు లేకుండా వెళ్లినవాళ్లేనని ఆయన తేల్చారు. అయితే వాళ్లంతా ఆ దళారి చేతికి నేరుగా ఇంటి నుంచే చిక్కినవాళ్లు కారు. అప్పటికే ఊరు వదిలి కలకత్తా జనపనార మిల్లులకో, అస్సాం తేయాకు తోటలకో, పట్నాల్లో పనికో బయల్దేరిన వాళ్లు చాలామంది. వాళ్లకు ఓడ అనేది ఒక నడకలో తరువాతి మజిలీ.

ఆ నడక ఎందుకు మొదలైంది? గుంటూరు సీమలో 1832-33 నందన కరువు, మద్రాసు రాజధానిని ఊడ్చేసిన 1876-78 ధాత కరువు లాంటివి వచ్చినప్పుడు ముందు రోడ్డున పడేది మొగుడు పోయిన ఆడది. ఉత్తరాన అగ్రకులాల్లో పిల్లప్పుడే వితంతువైన పిల్లకు పుట్టింట్లోనూ మెట్టినింట్లోనూ చోటు ఉండదు. మొగుడి దెబ్బలకు తాళలేక పారిపోయినవాళ్లున్నారు. మనసైన వాడితో కులం కట్టు దాటి వెళ్లినవాళ్లున్నారు. ‘లేచిపోయిన’ అనే ఒక్క మాటలో ఇన్ని బతుకులను కుక్కేస్తారు మన వాళ్లు.

మోసం మాటేమిటి? అదీ నిజమే. సురినామ్‌ను ‘శ్రీరామ్ దేశం’ అని చెప్పి ఎక్కించారు. ట్రినిడాడ్‌లో పనేమిటంటే చక్కెర జల్లించడమన్నారు. ఎన్ని వారాల ప్రయాణమో, తిరిగి రావడం ఎంత కష్టమో తెలియకుండా వేలిముద్ర వేసినవాళ్లు మగవాళ్లలోనూ బోలెడుమంది. ఇక్కడే ఒక చిక్కుంది. మోసపోయింది అన్నంత మాత్రాన ఆవిడ తనంతట తాను ఇల్లు వదల్లేదని కాదు. ఇల్లు వదలాలన్న నిర్ణయం ఆవిడదే కావచ్చు, చేరిన చోటు గురించి విన్నది అబద్ధం కావచ్చు. రెండూ ఒకే మనిషి కథలో ఇముడుతాయి.

సముద్రం మీద

తెరచాప ఓడలో కలకత్తా నుంచి కరీబియన్‌కు మూడు నెలలు. మద్రాసు నుంచి నాటాల్‌కు నెలకు పైన: తొలి ఓడ ట్రూరో 1860 అక్టోబరు 12న బయల్దేరి నవంబరు 16న డర్బన్ చేరింది. ఒంటరి మగవాళ్లు ముందు భాగంలో, జంటలు మధ్యలో, ఒంటరి ఆడవాళ్లు వెనక. కాగితం మీద పకడ్బందీ ఏర్పాటే. నావికులకు, వైద్యుడికి మాత్రం అడ్డు గోడల్లేవు.

1885లో కలకత్తా నుంచి గయానా వెళ్తున్న అలన్‌షా ఓడలో మహారాణి అనే యువతి చనిపోయింది. నావికులు తన మీద అత్యాచారం చేశారని చనిపోయే ముందు తోటి ఆడవాళ్లకు చెప్పుకుంది. జార్జ్‌టౌన్‌లో విచారణ కమిషన్ వేశారు, చాలామందిని ప్రశ్నించారు, అనుమానం ఒక నావికుడి మీదికి వెళ్లింది. చివరికి ఎవరికీ శిక్ష పడలేదు. ఆ విచారణ కాగితాలు మిగలబట్టే మహారాణి పేరు మనకు తెలిసింది. కమిషన్ వేయని ఓడలే ఎక్కువ.

ఈ ఓడల్లోనే ఒక కొత్త బంధుత్వమూ పుట్టింది. జహాజ్ అంటే ఓడ. ఒకే ఓడలో వచ్చిన మగవాళ్లు జహాజీ భాయి, ఆడవాళ్లు జహాజీ బెహన్. కులం పోయిన చోట, చుట్టాలు లేని చోట ఇది రక్తసంబంధంతో సమానం. తరువాతి తరాల్లో ఈ వరసలను పాటించి పెళ్లి సంబంధాలు మానుకున్న కుటుంబాలున్నాయి.

ఆడకూలి ఎంత

ఊళ్లలో నేటికీ కూలి రేటు చెప్పేటప్పుడు మగకూలి ఇంత, ఆడకూలి ఇంత అని రెండు అంకెలు చెబుతారు. గిర్మిట్ కాగితం కూడా రెండు అంకెలే చెప్పింది.

ఫిజీ ఒప్పందం ప్రకారం రోజుకు మగవాడికి తక్కువలో తక్కువ ఒక షిల్లింగు, అంటే 12 పెన్నీలు. ఆడమనిషికి 9 పెన్నీలు. పని గంటల లెక్కన కాకుండా వంతు లెక్కన ఇస్తే, మామూలు బలమున్న మగవాడు ఆరు గంటలు ఆగకుండా చేయగలిగినంత పని అతని వంతు. ఆడమనిషి వంతు అందులో ముప్పాతిక. ముప్పాతిక పనికి ముప్పాతిక కూలి. చూడటానికి న్యాయంగానే ఉంది కదా? మెలిక ఎక్కడంటే, ‘మామూలు బలమున్న మగవాడు’ ఎంత చేయగలడో నిర్ణయించేది ఓవర్సీరు, అతని కింది సర్దారు. చాళ్లు కొలిచే కర్ర వాళ్ల చేతిలో ఉంది.

ఒక వారం లెక్క చూద్దాం. ఐదున్నర రోజుల పని, ఒక్క వంతూ తప్పకుండా పూర్తి చేస్తే ఆడమనిషికి వచ్చేది 49న్నర పెన్నీలు. మొదటి ఆరు నెలలు బత్తెం యజమానే ఇస్తాడు, దానికి రోజుకు 4 పెన్నీలు కోసుకుంటాడు. తిండి ఆదివారం కూడా తినాలి కనుక వారానికి 28 పెన్నీలు. మిగిలేది 21న్నర. ఇప్పుడు ఆవిడకు జ్వరమొచ్చిందనో, చంటిబిడ్డ ఏడుస్తుంటే గట్టు మీద పాలిస్తూ కూర్చుందనో అనుకోండి. వారంలో మూడు వంతులే పూర్తయ్యాయి. వచ్చేది 27 పెన్నీలు. బత్తెం ఖర్చు 28. వారమంతా ఎండలో చెరకు కలుపు తీసి ఒక పెన్నీ బాకీ పడింది. మిగిలిన రోజులకు పని ఎగ్గొట్టావని సమన్లు వస్తే అది వేరే.

నాటాల్‌లో ఇంకా మోటు లెక్క. మగవాడికి మొదటి ఏడాది నెలకు 10 షిల్లింగులు, ఏటా ఒక షిల్లింగు పెంచుతూ అయిదో ఏటికి 14. ఆడమనిషికి అందులో సగం. ఇది పనిని బట్టి కట్టిన సగం కాదు, ఆడది కావడాన్ని బట్టి కట్టిన సగం.

గడువు తీరాక కూడా వదల్లేదు. మళ్లీ ఒప్పందం చేసుకోకుండా, ఇండియాకు తిరిగి వెళ్లకుండా అక్కడే ఉండిపోతే ఏడాదికి 3 పౌన్లు పన్ను అని నాటాల్ 1895లో చట్టం చేసింది. తరువాత దాన్ని 16 ఏళ్లు దాటిన కొడుకులకు, 13 ఏళ్లు దాటిన కూతుళ్లకు కూడా పాకించారు. 3 పౌన్లంటే 60 షిల్లింగులు. నెలకు 14 షిల్లింగులు సంపాదించే మగవాడికి నాలుగు నెలల పైచిలుకు సంపాదన. 7 షిల్లింగుల ఆడమనిషికి ఎనిమిదిన్నర నెలలది. ఆ పన్ను కట్టలేక మళ్లీ గిర్మిట్‌లోకి దిగాలి, చట్టం చేసినవాళ్లకు కావలసిందీ అదే.

ఇంత తక్కువలో కూడా మిగుల్చుకున్నవాళ్లున్నారు. ట్రినిడాడ్, గయానాల్లో తీసిన పాత ఫొటో కార్డుల్లో ముంజేతి నుంచి మోచేతి దాకా వెండి కడియాలు, మెడలో నాణేల దండలు వేసుకున్న ఆడవాళ్లు కనిపిస్తారు. ఆ కార్డులు కొన్న తెల్లవాళ్లకు అది ముచ్చట. ఆవిడకు అది బ్యాంకు. నాణేలు కరిగించి కంసాలి చేత కడియం చేయించుకుంటే ఒంటి మీదే ఉంటుంది. పెట్టెలో దాస్తే ఎవరు తీస్తారో తెలియదు.

లైన్లలో కాపురం, కత్తి

కూలీలుండే ఇళ్ల వరసలను లైన్లు అంటారు. ఫిజీలో ఒక్కో గది పది అడుగుల పొడవు, ఏడు అడుగుల వెడల్పు. అందులో ముగ్గురు ఒంటరి మగవాళ్లు, లేదా పిల్లలతో ఒక జంట. వంట అక్కడే, పడక అక్కడే, గోడ అవతలి మాట ఇవతలికి వినిపిస్తుంది.

అక్కడ కట్టుకున్న తాళి చట్టానికి పట్టలేదు. హిందూ, ముస్లిం ఆచారాల పెళ్లిని రిజిస్టరు చేయిస్తే తప్ప పెళ్లిగా లెక్కించలేదు. ఫిజీ హిందీలో రిజిస్టరు పెళ్లికి ‘మరిత్’ అనే వేరే మాటే పుట్టింది. దీనివల్ల ఒక చిత్రమైన పరిస్థితి వచ్చింది. చేతిలో సొంత కూలి ఉన్న, చట్టం దృష్టిలో ఎవరికీ భార్య కాని ఆడమనిషి కొట్టే మగవాణ్ని వదిలి వెళ్లిపోగలదు. ఇండియాలో ఆవిడకు ఈ వీలు లేదు. అలా వెళ్లినందుకు చెరకు కత్తితో నరికేసిన కేసులూ గయానా, ట్రినిడాడ్, ఫిజీ కోర్టుల నిండా ఉన్నాయి.

ఈ హత్యల గురించి ఎవరి మాట వాళ్లది. తోటల యజమానులు ‘ఆసియా మగవాడి అసూయ’ అన్నారు. అధికారులు ఆడవాళ్ల నడవడి అన్నారు. పెళ్లిళ్ల రిజిస్ట్రేషన్ బిగించారు, పరుల భార్యను లేవదీసుకుపోతే శిక్ష పెట్టారు. నూటికి నలభై అనే లెక్కను, సర్దారుకూ ఓవర్సీరుకూ ఒంటరి ఆడవాళ్ల మీద ఉన్న పట్టును, పదడుగుల గదిని మాత్రం అలాగే ఉంచారు. చంపిన చెయ్యి కూలీదే, ఆ నేరాన్ని యజమాని ఖాతాలో రాసేయలేం. కానీ మందు గుండు కూర్చినట్టు మనుషుల్ని కూర్చింది ఎవరో కూడా చెప్పుకోవాలి.

చెరా, చెర నుంచి విడుదలా?

ఇక్కడ చరిత్రకారులు విడిపోతారు. డచ్చి చరిత్రకారుడు పీ.సీ. ఎమ్మర్ సురినామ్ లెక్కలు చూసి, ఆడవాళ్లకు ఈ వలస ఒక తప్పించుకునే దారి అన్నాడు. వితంతువుకు రెండో పెళ్లి సాధ్యమైంది, సొంత సంపాదన వచ్చింది, కులం పట్టు సడలింది. ఆధారాలు లేకపోలేదు: కరవుల దేశంలో మొగుడు పోయి ముష్టెత్తుకోవడంతో పోలిస్తే అది మెరుగే. కానీ ఈ వాదం ఎక్కువగా కూలి, చావుల లెక్కల మీద నడుస్తుంది, ఓవర్సీరు గది తలుపు దగ్గర ఆగిపోతుంది.

ట్రినిడాడ్ పరిశోధకురాలు రోడా రెడాక్ ఇంకో కోణం చూపించింది. ఆడవాళ్లు మొదట వచ్చింది ఎవరి భార్యగానో కాదు, తమ పేరు మీద, తమ ఒప్పందంతో కూలీలుగా. తోటలకు స్థిరపడే కుటుంబాలు, రాబోయే తరం కూలీలు కావలసి వచ్చాక రాజ్యం, యజమానులు, కూలీల్లోని పెద్దమనుషులు కలిసి ఆవిణ్ని ఇంటి లోపలికి, మొగుడి కిందికి నెట్టారు. వచ్చిన కొద్దిపాటి స్వేచ్ఛ తరువాత ఎటు పోయిందో ఈ మాట వల్ల తెలుస్తుంది. నాకు ఈ వాదమే ఎక్కువ బలంగా తోస్తుంది, ఎందుకంటే ఇందులో ఆడమనిషి ముందు కూలీ, తరువాతే మంచిదో చెడ్డదో.

కూలీగా ఆవిడ ఊరుకోలేదు కూడా. సురినామ్‌లో జోర్ఖ్ ఎన్ హోప్ తోటలో 1884లో కూలీలు ఎదురు తిరిగినప్పుడు సైనికులు కాల్చి చంపిన వాళ్లలో జానీ తేతరీ ఒకతె. 2017లో సురినామ్ రాజధాని పారమారిబోలో వలస అధికారి బార్నెట్ లయన్ విగ్రహాన్ని తీసిన చోట ఆవిడ విగ్రహం పెట్టారు.

కుంతి కేకతో కదిలిన దేశం, అది పట్టించుకోని సంగతి

1912లో ఫిజీలోని రేవా ప్రాంతంలో కుంతి అనే కూలీని ఓవర్సీరు అందరికీ దూరంగా ఉన్న అరటి తోటలో ఒంటరిగా పనికి పెట్టాడు. మీద పడబోతే విడిపించుకుని నదిలో దూకింది. అటుగా పడవలో వెళ్తున్న కుర్రాడు కాపాడాడు. ఫిజీలో గిర్మిట్ చేసిన తోతారామ్ సనాఢ్య లాంటి వాళ్ల వల్ల ఈ సంగతి ఇండియా పత్రికలకు ఎక్కింది. కలకత్తా హిందీ పత్రిక భారత్ మిత్రలో అచ్చయ్యాక దేశమంతా అట్టుడికింది. ఇండియా సర్కారు సంజాయిషీ అడిగితే ఫిజీ అధికారులు విచారణ జరిపి ఆవిడ మాట నమ్మదగింది కాదన్నారు, ఆవిడ నడవడి మీదికే పోయారు.

అప్పటికే గోఖలే 1910లో చేసిన ప్రయత్నం వల్ల 1911లో నాటాల్‌కు కూలీలను పంపడం ఆగింది. 1912లో మొత్తం వ్యవస్థనే రద్దు చేయాలని వైస్రాయి శాసన మండలిలో ఆయన పెట్టిన తీర్మానం వీగిపోయింది. గాంధీ మిత్రులు సీఎఫ్ ఆండ్రూస్, పియర్సన్ 1915లో ఫిజీ వెళ్లి లైన్ల జీవితం మీద నివేదిక రాశారు. 1916లో మదన్ మోహన్ మాలవీయ తీర్మానాన్ని వైస్రాయి హార్డింజ్ ఒప్పుకున్నాడు. ఎప్పుడు ఆపుతారో చెప్పకుండా నానుస్తుంటే 1917 జనవరిలో అలహాబాద్ సభలో సరోజినీ నాయుడు గొంతెత్తింది. మన హైదరాబాద్ ఆడపడుచు ఆ రోజు మాట్లాడింది దేశం పరువు గురించి, పరాయి గడ్డ మీద మన ఆడవాళ్ల మానం గురించి. ఆ మార్చిలో ఓడలు ఆగాయి. మొదటి ప్రపంచ యుద్ధానికి మనుషులూ ఓడలూ కావలసి రావడం కూడా అందుకు ఒక కారణం.

పరువు వాదం గెలిచింది. దాని బలం ఎంతో అంత పెద్దది దాని గుడ్డితనం. కూలి చాలడం లేదు, పని వంతు మోసం అంటే కదలని వాళ్లు మానం అనగానే కదిలారు. అదే ఊపులో లైన్లలో ఉన్న ఆడవాళ్లంతా చెడిపోయినవాళ్లే అన్నట్టు రాశారు. ఆడవాళ్ల నడవడి బాగాలేదన్న తోట యజమాని మాటా, మన ఆడవాళ్లను అక్కడ చెడగొడుతున్నారన్న జాతీయవాది మాటా ఒకే తక్కెడలో తూగుతాయి.

దక్షిణాఫ్రికాలో 1913లో కథ కొంచెం వేరుగా నడిచింది. క్రైస్తవేతర ఆచారాల పెళ్లిళ్లు చెల్లవని అర్థం వచ్చేలా ఆ మార్చిలో జడ్జి సెర్ల్ తీర్పిచ్చాడు. గిర్మిట్ చేసిన కుటుంబాల మెడ మీద 3 పౌన్ల పన్ను ఉంది. పెళ్లి, పన్ను అనే రెండు ముళ్లూ కలిసిపడ్డాయి. నాటాల్ పక్కనున్న ట్రాన్స్‌వాల్ ప్రాంతం నుంచి ఆడవాళ్లు అనుమతి లేకుండా నాటాల్ సరిహద్దు దాటి న్యూకాసిల్ బొగ్గుగనుల దగ్గరికి వెళ్లారు. పన్ను పోయేదాకా పనిలోకి దిగవద్దని కూలీలకు చెప్పారు. గనుల్లో మొదలైన సమ్మె చెరకు తోటలకు పాకింది. జైలుకెళ్లి జ్వరంతో బయటికొచ్చిన వల్లియమ్మ అనే తమిళ పిల్ల 1914 ఫిబ్రవరిలో చనిపోయింది. ఆ ఏడాదే పన్ను రద్దయింది, పెళ్లిళ్లకు గుర్తింపు వచ్చింది.

ఫిజీలో మిగిలిన ఒప్పందాలను 1920 జనవరి 1న రద్దు చేశారు. రెండు వారాలకే రాజధాని సువాలో భారతీయ కూలీలు సమ్మెకు దిగారు. యుద్ధం తరువాత బియ్యం, పిండి ధరలు మండిపోతున్నాయి, కూలి మాత్రం పాతదే. లాయరు మణిలాల్ భార్య జైకుమారి ఆడవాళ్ల సభలు పెట్టి సమ్మెను నిలబెట్టింది. ఫిబ్రవరిలో పోలీసులు కాల్పులు జరిపారు, ఒకరు చనిపోయారు. భార్యాభర్తలిద్దరినీ ఆ ఏడాదే ఫిజీ నుంచి పంపేశారు.